నల్ల కాగితంలో చిల్లు

పోయినసారి నన్ను వంటింటి బల్ల దగ్గర, ఎదురుగా పదిహేడో పేజీ, చేతిలో భూతద్దంతో నిలబెట్టి వదిలేశాను. అది చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. చదివినవాళ్ళు విసుక్కోకండి.

మా ఊరి టౌన్‌హాల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. నలభై ఏళ్ళ కిందటి యుద్ధంలో సరిహద్దు అవతల మనవాళ్ళు ఏం చేశారో చూపించే ఫొటోలు. తీసిందీ మనవాళ్ళే. మనవాళ్ళంటే ఎవరో పెద్ద పెద్ద అధికారులు కాదు. రొట్టెలు కాల్చేవాళ్ళు, బస్సు నడిపేవాళ్ళు, బడిలో లెక్కలు చెప్పేవాళ్ళు. పొద్దున లేస్తే వీధిలో ఎదురుపడేవాళ్ళు. మా మనవరాలికి అక్కడే ఉద్యోగం, వచ్చినవాళ్ళకి ఫొటోల పక్కన నిలబడి వివరం చెప్పడం. చిన్నప్పటినుంచి దాని నోరు ఊరుకోదు కనక పిచ్చుక అని పిలుస్తాం. దానికి తగ్గ ఉద్యోగమే దొరికిందని మొదట్లో నవ్వుకున్నాం.

గొడవంతా పదిహేడో ఫొటోతో వచ్చింది. ఓ గోడ ముందు మూడు వరసల్లో ఊరివాళ్ళు, వాళ్ళ వెనక మన సైనికులు ఎనిమిదిమంది. ఆ యుద్ధానికి వెళ్ళొచ్చి ఈ మధ్య పోయిన ఓ వడ్రంగి పనిముట్ల పెట్టె అడుగున దొరికిందట. అది తీసిన గంటకి ఆ ఊళ్ళో మనిషన్నవాడు మిగల్లేదని కింద రాశారు. వెనక నిలబడ్డవాళ్ళలో ఎడమనుంచి రెండో మనిషి మా వీధి చివర బేకరీ ఆయన. ఇప్పుడు మాజీ సైనికుల సంఘానికి పెద్ద. అది అతికించిన దొంగ ఫొటో, అసలు నెగెటివ్ చూపించండి, చూపించలేకపోతే గోడ మీంచి దించి ఆ పిల్ల చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించండి అని పట్టుబట్టాడు. రేపు పొద్దున పదింటికి తేలుస్తామని ఎగ్జిబిషన్ కమిటీ చెప్పింది. పిచ్చుక పొద్దునే ఆ మాట చెప్పి, ఎగ్జిబిషన్ పుస్తకం బల్ల మీద పడేసి, సాయంత్రం నాలుగింటికి వస్తాను, తాతయ్య ఈ ఫొటో చూసి అతికించిందో కాదో చెబితే చాలు, ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు అని వెళ్ళిపోయింది.

నిజమే. ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు.

ఆ ఫొటో ఎవరు తీశారో పుస్తకంలో లేదు. పేరు తెలియని సైనికుడు అని ఉంది. నాకు చూడగానే తెలిసింది. ముప్పై రెండేళ్ళు మా ఆయన పక్కన స్టూడియోలో పనిచేశాను. గ్రూపు ఫొటోకి ఆయనదో పద్ధతి. పొడుగువాళ్ళని అందరూ మధ్యలో పెడతారు. ఆయన రెండు చివరలా పెట్టి, లోపలికి వచ్చేకొద్దీ పొట్టివాళ్ళని నిలబెట్టేవారు. తలల గీత ఉయ్యాలలా కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. కింద కూర్చున్న పిల్లలకైతే ఎడమ చెయ్యి మోకాలి మీద, కుడి చెయ్యి దాని మీద. చేతుల్ని ఊరికే వదిలేస్తే ఫొటోలో అవి ఏడుస్తున్నట్టుంటాయి అనేవారు. మా ఊళ్ళో ఏ పెళ్ళి ఫొటో తీసి చూసినా పిల్లల చేతులు అలాగే ఉంటాయి.

పదిహేడో ఫొటోలో కింద పదకొండుమంది పిల్లలున్నారు. పదకొండుమందీ చేతి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

భోజనాలయ్యాక ఆయన కింద స్టూడియోలో పేపరు చదువుతూ కూర్చుంటారు. స్టూడియో మూసేసి పన్నెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. వెనక ఇంకా ఆ రంగుల తెర వేలాడుతూనే ఉంటుంది, పాలరాతి మెట్లూ పూలకుండీలూ వేసింది. ఊళ్ళో సగం మంది ఆ మెట్ల ముందు నిలబడి ఫొటో దిగారు, ఒక్కరూ ఎక్కింది లేదు. నేను పుస్తకం పట్టుకుని దిగుతుంటే మోకాళ్ళు కటకటమన్నాయి. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా కవాతు వస్తోంది అంటారు. ఆ రోజూ అన్నారు.

ఆయనకి యుద్ధమంటే అన్నీ ఇలాంటి హాస్యాలే. నలుగురూ కూర్చున్నప్పుడు ఎవరైనా అడిగితే, సైన్యాన్ని మూతి తుడుచుకుని ఇటు చూడమన్నాను, నేను చేసిన యుద్ధం అదే అనేవారు. తుపాకీ ఇచ్చారు గానీ, గాలికి కెమెరా స్టాండు పడిపోకుండా దాన్ని బరువుకి వేలాడదీసుకున్నాననేవారు. ఎన్నిసార్లు విన్నా అందరం నవ్వేవాళ్ళం. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని.

పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఎంతసేపని, కనురెప్ప వేసినంతసేపు. తరవాత పేపరు మళ్ళీ పైకెత్తారు.

పిచ్చుక నాలుగింటికి వస్తుందని చెప్పాను. బేకరీ ఆయన ఏమంటున్నాడో చెప్పాను. రేపు మన పిల్ల నలుగురిలో తల దించుకోవాలని చెప్పాను. ఆయన పేపరు వెనకనుంచే, అచ్చులో పడ్డ బొమ్మని చూసి ఏదీ చెప్పలేం, కంటి చూపు కూడా పోయింది అని చెప్పు అన్నారు. ఆ పొద్దునే కిటికీలోంచి ఎదురింటి గోడ మీద పిల్లి కుడికన్నుకి పుసి కట్టిందన్న మనిషి.

"ఏమండీ," అన్నాను, "ఆ పిల్లల చేతులు మీరు పెట్టినవే."

పేపరు దించారు. తెర మీది మెట్లకేసి చూశారు. తరవాత చెప్పడం మొదలుపెట్టారు. నేనేమీ కలపకుండా ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మొదటి ఊళ్ళో జనాన్నంతా బడి ఆవరణలోకి తోలారట. వాళ్ళ భాష మనవాళ్ళకి రాదు, మన భాష వాళ్ళకి రాదు. ఏడుపులు, తోపులాట. ఓ మూల సర్దితే ఇంకో మూలనుంచి పరిగెత్తడం. అధికారి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మన దళానికి ఓ ఫొటో తియ్యమని ముందే చెప్పి ఉండడంతో ఆయన ఓ పక్కన స్టాండు వేసి కెమెరా బిగించారు. కెమెరా చూడగానే జనం నెమ్మదించారట. ఫొటో తీస్తున్నారంటే ఇంక ఏమీ చెయ్యరనుకున్నారు. ఓ ముసలాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఓ తల్లి వేళ్ళు తడి చేసుకుని పిల్లాడి జుట్టు అణిచింది. ఎవరూ తొయ్యకుండానే వచ్చి నిలబడ్డారు. ఈయన అలవాటు కొద్దీ వరసలు సర్దారు. బడిలోంచి బెంచీలు తెప్పించి ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టి చేతులు పెట్టారు. తల దించుకున్న ఓ పాపకి గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తారు. ఫొటో తీశారు. అధికారి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. తరవాత ఈయన్ని వెళ్ళి లారీలో కూర్చోమన్నాడు. కూర్చున్నారు. చప్పుడు విన్నారు.

మర్నాడు ఇంకో ఊళ్ళోకి వెళ్ళగానే అధికారి అన్న మొదటి మాట, ముందు ఫొటో ఆయన్ని పంపండి అని.

"మొదటి ఊళ్ళో నాకు తెలీదు," అన్నారు ఆయన.

"రెండో ఊళ్ళో?"

పేపరుని సగానికి మడిచారు. మళ్ళీ సగానికి. ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా మడిచారు.

"రెండో ఊళ్ళో వెల్తురు బాగుంది," అన్నారు.

పెళ్ళికూతుళ్ళని కూర్చోబెట్టే ఎర్ర స్టూలు మీద కూలబడ్డాను. పుస్తకంలోది ఏ ఊరని అడిగాను. అయిదోది అన్నారు.

గోడ గడియారం మూడు కొట్టింది. తిట్టాలనిపించింది, తిట్టు దొరకలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషిని ఉప్పు ఎక్కువైందన్నందుకు తిట్టాను, తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు తిట్టాను. దీనికి సరిపోయే మాట నా దగ్గర లేదు. చివరికి నోట్లోంచి వచ్చింది, నెగెటివ్ ఏదీ అని.

ఎప్పుడో పారేశానంటారేమో అనుకున్నాను. వేలితో తెర పైన ఉన్న అలమార చూపించారు. స్టూలు ఎక్కి, పాత అట్టపెట్టెల వెనకనుంచి బిస్కట్ల డబ్బా తీశాను. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా పెట్టి తియ్యాల్సి వచ్చింది. లోపల కవర్లు. ఒక్కో కవరు మీదా ఆయన రాతలో అంకె. అయిదో కవర్లో పోస్టుకార్డంత నెగెటివ్‌లు రెండు. మొదటిదాన్ని కిటికీకి పట్టాను. అదే ఫొటో. అతికించిందేం కాదు, కోసిందేం కాదు, ఒక్క ముక్క. రేపు కమిటీ ముందు పెడితే బేకరీ ఆయన నోరు పడిపోతుంది.

రెండోది తియ్యబోతుంటే ఆయన లేచారు. మెల్లిగా, బేరమాడుతున్నట్టు చెప్పారు. పిల్లకి మొదటిది ఇచ్చేద్దాం. ఎక్కడో పాత సామాన్లలో దొరికిందని చెప్పుకుంటుంది. దాని మాట నిలబడుతుంది. రెండోది మాత్రం డబ్బాలోనే ఉండనీ.

ఎందుకని అడిగాను.

"అందులో నీ చెయ్యి కూడా ఉంది," అన్నారు.

నా పని గురించి ఇక్కడ చెప్పాలి. పెళ్ళయి వచ్చాక నాకు టచింగ్ నేర్పింది మా మామగారు. ఫొటోలో మచ్చలు, మొటిమలు, కంటి కింద నలుపు కనబడకుండా చెయ్యడం. నెగెటివ్‌లో అన్నీ తిరగబడి ఉంటాయి కదా. ముఖం మీద నల్లమచ్చ ఉంటే ఫిల్ము మీద అది తెల్లటి చుక్క. ఫిల్ము మీద దుమ్ము పడ్డా అలాంటి చుక్కే వస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ చుక్కని నింపేస్తే అచ్చు వేసినప్పుడు మచ్చ మాయం. మామగారు ఓ నల్ల కాగితానికి రూపాయిబిళ్ళంత చిల్లు చేసి ఇచ్చారు. అది నెగెటివ్ మీద పరుచుకుని, చిల్లులోంచి కనబడే ముఖం మీదే పనిచెయ్యాలి. అది అయ్యాక కాగితం జరిపి ఇంకో ముఖం. బొమ్మంతా చూస్తే చెయ్యి వణుకుతుందమ్మా అనేవారు. నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ చిల్లు కాగితంతో ఊళ్ళో పేరు తెచ్చుకున్నాను.

యుద్ధం జరుగుతుండగా ఆయన ఫిల్ములు ఇంటికి పంపేవారు, అచ్చు వేసి సైనికుల ఇళ్ళకి ఇమ్మని. అలా వచ్చిందే ఈ రెండోది. మొదటిది నాకెప్పుడూ పంపలేదు. కవరు మీద ఇప్పటికీ ఆయన పెన్సిల్ రాత ఉంది. నడుము వరకే వెయ్యి. కుడి చివర మనిషి కదిలాడు, కోసెయ్యి. కిందా కుడి చివరా నల్ల కాగితం అడ్డుపెట్టి అలాగే వేశాను. ఎనిమిది ఇళ్ళకి ఎనిమిది కాపీలు. ఇస్త్రీ చేసినట్టు తెల్లటి చొక్కా చేతులు, నవ్వు ముఖాలు. బేకరీలో రొట్టెల అలమార పైన పెద్దది చేసి ఫ్రేము కట్టి పెట్టారే, అదే. రోజూ పొద్దున రొట్టె కోసం వెళ్ళి దాని కింద నిలబడతాను. మా వదిన చేసిన ఫొటో అని ఆ మనిషి అందరికీ నన్ను చూపించేవాడు. నాకు గర్వంగానే ఉండేది.

కవర్లో ఓ మడత కాగితం కూడా ఉంది. నా వంకర అక్షరాలే. అప్పట్లో నేను రాసిన ఉత్తరం. ఫిల్ము మీద దుమ్ము బాగా ఉంది. అందరి చేతుల మీదా, చొక్కాల మీదా చుక్కలే చుక్కలు. నింపేసరికి నా కళ్ళు పోయాయి. కెమెరా సరిగ్గా తుడుచుకోండి. చివర, వేళకి తినండి అని.

ఇది చదివారు ఆయన, అక్కడ, సరిహద్దు అవతల. చదివి దాచుకున్నారు.

రెండో నెగెటివ్‌ని కిటికీకి పట్టాను. ఇన్నేళ్ళకి మొదటిసారి నల్ల కాగితం లేకుండా చూశాను. అదే గోడ. అవే బెంచీలు, కొన్ని పడిపోయి. ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ళ నడుముల కింద, నేను కత్తిరించేసిన చోట, నేల మీద ఏముందో నేను రాయను. ఓ చెయ్యి మాత్రం చెబుతాను, చిన్నది. మోకాలి మీద లేదు.

వంటింట్లోంచి దూది, టర్పెంటైను సీసా తెచ్చాను. ఆయన వద్దన్నారు. రెండుసార్లు అన్నారు. టచింగ్ పెన్సిల్ పైపై పూతే, టర్పెంటైను పెట్టి తుడిస్తే పోతుంది. బేకరీ ఆయన చేతి దగ్గర మొదలుపెట్టాను. దూది నల్లబడింది. ఫిల్ము మీద చుక్కలు ఒక్కొక్కటీ పైకి తేలాయి, నేను నింపినవి నింపినట్టు. మణికట్టు మీద, మోచేతి దాకా, చొక్కా ముందు భాగమంతా. పక్క మనిషికీ అంతే. ఆ పక్క మనిషికీ అంతే. గోడ మీద మాత్రం ఒక్క చుక్క లేదు. బెంచీల మీద లేదు, ఆకాశంలో లేదు. దుమ్మయితే గోడనీ మనిషినీ ఎంచి పడుతుందా. ఆ రోజు కాగితం ఒక్కసారి పక్కకి తీసి ఉంటే ఆ సంగతి నలభై ఏళ్ళ కిందటే నాకు తెలిసేది. చిల్లులోంచి గోడ కనబడదు.

తీసి ఉంటే ఏం చేసేదాన్నని నన్ను నేనే అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పెట్టి వచ్చారు. మొదటిది చాలు కదా అన్నారు మళ్ళీ. నేను లారీలో ఉన్నాను, నాకేం సంబంధం, తరవాత పిలిచి తియ్యమన్నారు, తీశాను అన్నారు. ఎనిమిదిమంది ఇప్పటికీ మన వీధుల్లో తిరుగుతున్నారు, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకి ఫొటోలు తీశాం, వాళ్ళ ముఖాలు ఎలా చూస్తావన్నారు. నేను దూది ఆపలేదు. మనుషుల్ని ఎడమనుంచి తుడుచుకుంటూ కుడికి వచ్చాను. ఎనిమిదో మనిషి అయ్యాడు.

అతని పక్కన ఇంకో మనిషి ఉన్నాడు.

కదిలిపోయిన మనిషి. కోసెయ్యమన్న మనిషి. ముఖం పాలలో పొగలా అలుక్కుపోయింది. అందరూ రాయిలా నిలబడి ఉంటే ఈ మనిషి ఒక్కడే కదిలాడు. ఎందుకు కదిలాడో ఫొటోల పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా పెద్ద కెమెరాకి ఓ మీట ఉంటుంది. అది తిప్పితే పది అంకెలు లెక్కపెట్టే లోపల దానంతట అదే క్లిక్కుమంటుంది. మీట తిప్పిన మనిషి పరిగెత్తుకెళ్ళి వరస చివర నిలబడాలి. ఒక్కోసారి అందుకోలేడు, ముఖం కదిలిపోతుంది. మా ఇంటి ఫొటోలన్నిట్లోనూ కుడి చివర కదిలిపోయిన ముఖం ఒకటుంటుంది. పిచ్చుక చిన్నప్పుడు తాతయ్యకి ముఖం అతకలేదు అని నవ్వేది.

ముఖం కదిలింది గానీ చేతులు కదల్లేదు. భూతద్దం పెట్టి చూశాను. చొక్కా చేతుల మీద చుక్కలున్నాయి. అవి నేను నింపినవి కావు. కోసెయ్యమన్నారు కనక వాటి జోలికే వెళ్ళలేదు. నలభై ఏళ్ళుగా అవి అలాగే ఉన్నాయి. రెండు చేతుల్లోనూ పొడుగ్గా ఓ వస్తువు ఉంది.

నెగెటివ్ దించి ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు కాదు, నెగెటివ్ వైపు చూస్తున్నారు.

"తుపాకీ స్టాండుకి వేలాడదీసేవాణ్ణన్నారు కదా," అన్నాను. "ఆ రోజు గాలి లేదా?"

నోరు తెరిచారు. ఆ నోట్లోంచి హాస్యం వస్తుందో నిజం వస్తుందో తెలిసే లోపల తలుపు మీద టకటకా చప్పుడు. పిచ్చుక అరగంట ముందే వచ్చేసింది. గడియ ఎందుకు పెట్టుకున్నారు, ఇద్దరూ నిద్రపోతున్నారా, సంఘంవాళ్ళు హాలు ముందు చేరారు, తాతయ్యా తొందరగా ఒక్కసారి చూసి చెప్పండి అంటూ తలుపవతల ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది.

ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒక చేత్తో మొదటి నెగెటివ్ బల్ల మీదినుంచి తీసి జేబులో పెట్టుకున్నారు. రెండో చెయ్యి నా ముందు చాపారు, అరచెయ్యి పైకి పెట్టి. పిల్లకి తనే ఇద్దామని చాపారో, నా చేతిలోది లాక్కుందామని చాపారో నాకు అర్థం కాలేదు. ఆ చెయ్యి మాత్రం వణకడం లేదు.

"అమ్మమ్మా," అంది పిచ్చుక బయటినుంచి, "టర్పెంటైను వాసన వస్తోంది. లోపల ఏం తుడుస్తున్నారు?"